అంకయ్య చెక్క మీది ఆట

ఆదివారం సాయంత్రం కబడ్డీ ఫైనల్. శుక్రవారం పొద్దున స్టేషన్ మేనేజరు ఫణిని గదిలోకి పిలిచి, "ఫైనల్ కామెంటరీ కృపానందం మాస్టారిని చెప్పమని అడిగాం. నువ్వు పక్కన కూర్చుని స్కోర్లు అందించు" అన్నాడు.

ఫణికి ఆ రోజు అన్నం సయించలేదు.

తీరవాణి ఎఫ్.ఎం.లో అతనికి పేరు తక్కువేం కాదు. పొద్దున ఎనిమిదింటికి వచ్చే 'ఢీ అంటే ఢీ' అతనిదే. అందులో రెండు పార్టీల వాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, వాళ్ళిద్దరికంటే తనే గట్టిగా అరుస్తాడు. మొన్న కుళాయి పన్ను మీద గంటసేపు రచ్చ చేశారు. ఆ గంటా విన్నవాళ్ళకి పన్ను పెరిగిందో తగ్గిందో మాత్రం తెలియలేదు. సాయంత్రం ఆటల కామెంటరీ కూడా అతనిదే. అక్కడా అదే గొంతు, అదే పరుగు. కబడ్డీలో కూతకి వెళ్ళిన అమ్మాయి తిరిగి నడిగీత దాటేలోపు ఫణి ఒక జోకు వేసి, ఒక సినిమా పాట ఎత్తుకుని, ఎవరో ఒక కౌన్సిలరుకి చురక కూడా అంటిస్తాడు. కాలేజీ కుర్రాళ్ళు అతనంటే పడిచస్తారు.

మంచి కుర్రాడు. ఆ మాట ఇక్కడే చెప్పేయాలి. ఎవరినీ నొప్పించాలని నోరు తెరిచినవాడు కాదు. మైకు ముందు ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చినా జనం స్టేషన్ మార్చేస్తారని అతని భయం. ఆ భయం అతనికి ఎవరు నేర్పారో గాని, కృపానందం మాస్టారు మాత్రం నేర్పలేదు.

మాస్టారు ముప్ఫై ఏళ్ళు రేడియోలో ఆటలు చెప్పి, నాలుగేళ్ళ కిందట రిటైరయ్యారు. చీరాలలో రైల్వే గేటు దగ్గర రెండు గదుల ఇల్లు. ఫణి మొదట ఆయన దగ్గరకే సైకిలేసుకుని వచ్చాడు. మైకుకి ఎంత దూరంలో నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆయనే చెప్పారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఫణికి మూడో కంచం ఎప్పుడూ ఉండేది.

శనివారం పొద్దున ఫణి వెళ్ళేసరికి మాస్టారు వసారాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు.

"రా ఫణీ. కోపంగా ఉన్నావు."

"కోపం కాదు మాస్టారూ. బాధ."

"రెండూ ఉన్నట్టున్నాయి. ముందు మంచినీళ్ళు తాగు."

ఫణి తాగాడు. గ్లాసు కింద పెట్టకుండానే అడిగాడు. "మీరు ఒప్పుకున్నారా?"

"ఇంకా లేదు. సాయంత్రంలోగా చెబుతానన్నా."

"వద్దని చెప్పండి మాస్టారూ. మూడేళ్ళ నుంచి ఈ ఫైనల్ కోసం ఎదురుచూస్తున్నా. మీరు ముప్ఫై ఏళ్ళు చెప్పారు. నాకీ ఒక్కటీ వదిలేయండి."

అడిగాక అతనికే సిగ్గేసింది. గురువుగారిని అడగాల్సిన తీరు అది కాదు. మాస్టారు మాత్రం చిక్కుడుకాయ చివర్లు గిల్లుతూనే ఉన్నారు.

"నిన్నెందుకు తీసేశారట?"

ఫణి చొక్కా జేబులోంచి మూడు పోస్టుకార్డులు తీసి అరుగు మీద పెట్టాడు. "ఇదిగో, వీటివల్ల. రోజుకి ఎనభై వేలమంది వింటున్నారు నన్ను. ఒక్క పనీపాటా లేని మనిషి రాసిన కార్డులు పట్టుకుని మేనేజరుగారు నన్ను పక్కన కూర్చోమంటున్నారు."

మాస్టారు చేతులు తుడుచుకుని కార్డులు చదివారు. మూడింటిలోనూ ఒకటే సంగతి. "కామెంటరీ బాబుగారికి నమస్కారములు. నిన్నటి ఆటలో ఆఖరుకు కోర్టులో ఎవరెవరు మిగిలారో దయచేసి తెలియజేయగలరు." కింద పేరు లేదు. వేటపాలెం తపాలా ముద్ర మాత్రం ఉంది.

"ఎగతాళి కాకపోతే ఏంటి మాస్టారూ ఇది? స్కోరు నాలుగుసార్లు చెప్పాను."

"చేతిరాత పోస్ట్‌మాన్ సాంబయ్యది" అన్నారు మాస్టారు. "అతను రాసిపెడతాడంతే. రాయించే మనిషి వేరే ఉన్నాడు. ఇదివరకు నాకూ రాయించేవాడు, ఆట బాగా అందిందని. మొన్న గురువారం సెమీఫైనల్ చెప్పావు కదా, అది నీ ఫోన్‌లో ఉందా?"

"మొత్తం ఉంది."

"అయితే బండి తియ్యి. వేటపాలెం వెళ్ళొద్దాం." చిక్కుళ్ళ గిన్నె లోపల పెట్టి, చెప్పులేసుకుని వచ్చేశారు.

వేటపాలెంలో ఆ వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. చివరి ఇంటి ముందు, నులక మంచం మీద డెబ్భై ఏళ్ళాయన కూర్చుని ఉన్నాడు. పేరు అంకయ్య. నేతపనిలోనే జుట్టు నెరిసింది. వయసులో ఉన్నప్పుడు ఊరి జట్టులో కబడ్డీ ఆడాడు. షుగరు ముదిరి ఆరేళ్ళ కిందట చూపు పోయింది.

"అంకయ్యా" అన్నారు మాస్టారు.

ఆ ఒక్క మాటకే ముసలాయన లేచి నిలబడ్డాడు. "మాస్టారా? రాండి బాబు రాండి. రేడియోలో మీ గొంతు ఆగినకాడి నుంచి తమరెట్టున్నారో తెలవలా."

"బాగానే ఉన్నా. నాతో ఇంకొకరొచ్చారు. ఫణి. ఇప్పుడు కామెంటరీ చెబుతున్నది ఇతనే."

అంకయ్య మొహం వికసించింది. గాలిలో చేయి చాపి, ఫణి చేయి దొరికాక రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఆ బాబేనా? గొంతు బలే ఉంటది. చానా నవ్విస్తారు బాబు తమరు. మా కోడలు మగ్గం ఆపి మరీ నవ్విద్ది."

ఫణి మాస్టారి వైపు చూశాడు. విన్నారా అన్నట్టుంది ఆ చూపు. మాస్టారు అప్పుడు మంచం కోడు చూస్తున్నారు.

"ఆ కార్డులు రాయించింది నేనే బాబు" అన్నాడు అంకయ్య. "ఏమనుకోమాకండి. ఈమధ్య నాకు ఆట అందటంలా. వయసు మీదపడింది, బుర్ర మొద్దుబారింది."

"గురువారం ఆట మళ్ళీ వింటావా?" అన్నారు మాస్టారు. "ఇతని ఫోన్‌లో ఉంది."

"మళ్ళీ వినొచ్చా?" అంకయ్య గబగబా లోపలికి తడుముకుంటూ వెళ్ళాడు. "మా మనవరాలు ఆడింది బాబు అందులో. లిఖిత. మా జట్టులో కూతకి పోయేది అదే."

తిరిగి వచ్చేటప్పుడు అతని చంకలో ఒక చెక్క ఉంది. రెండు జానలు పొడుగు, జానెడున్నర వెడల్పు. దాని మీద మేకులు కొట్టి నూలుదారం బిగించాడు. చుట్టూ హద్దులు, మధ్యన నడిగీత, రెండు వైపులా లోపలి గీతలు, అన్నీ వేలికి తగిలేటట్టు. మూటలోంచి ఏడు గవ్వలు తీసి ఒక పక్క సర్దాడు. రెండో పక్క ఆరు చింతపిక్కలు, ఒక గచ్చకాయ. వేళ్ళు ఎక్కడా తడబడలేదు.

"గవ్వలు అవతలి జట్టు బాబు. చింతపిక్కలు మనోళ్ళు. గచ్చకాయ మా పిల్ల. ఎవరన్నా ఔటయితే తీసి దారం బయట పెడతా. బతికితే మళ్ళా లోపలికి. మాస్టారు చెప్పేటప్పుడు ఆట అయిపోయేసరికి గ్రౌండులో ఎట్టుందో నా చెక్క మీద అట్టనే ఉండేది. ఇక పెట్టండి బాబు."

ఫణి ఫోన్ మంచం మీద పెట్టి ఆన్ చేశాడు.

రికార్డింగు మొదట్లో ఫణి పేర్లు చదివాడు కాబట్టి అంకయ్య గవ్వల్నీ గింజల్నీ సరిగ్గా నిలబెట్టుకున్నాడు. ఆట మొదలయింది. అంకయ్య కుడిచేయి చెక్క పైన, బెత్తెడు ఎత్తున ఆగి ఉంది. చెప్పగానే కదపాలని కాచుకుని ఉన్న చేయి అది.

"అబ్బబ్బబ్బ, ఏం కూత ఫ్రెండ్స్, ఏం కూత" అంటోంది ఫోన్‌లో ఫణి గొంతు. "ఎన్నికల ముందు మన మూడో వార్డు కౌన్సిలరుగారు ఇంటింటికీ తిరిగినట్టు కోర్టంతా తిరిగింది, తిరిగి ఆయనలాగే వచ్చేసింది. ఇదిగో మన లిజనర్ మెసేజ్, ఈపూరుపాలెం నుంచి..."

అంకయ్య నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది. "కౌన్సిలరు మాట బాగుంది బాబు" అన్నాడు. కాసేపయ్యాక మెల్లిగా అడిగాడు. "మరి ఆ కూతలో ఎవరన్నా ఔటయ్యారా?"

ఫణి ఫోన్ వైపు చూశాడు. అతనికి తెలియదు.

ఆట సాగింది. ఫోన్‌లో ఫణి మెసేజ్‌లు చదివాడు. పాట పాడాడు. ఒక మంత్రిగారి గొంతు అనుకరించాడు. అంకయ్య చేయి అక్కడే, గాలిలోనే ఉంది. స్కోరు పదకొండు తొమ్మిది అని వినపడ్డప్పుడు ఆ చేయి కిందికి దిగి, ఏ గవ్వ తీయాలో తెలియక ఏడింటినీ తడిమి, ఒకటి తీసింది. మళ్ళీ దాన్నే లోపల పెట్టింది. ఒకచోట "లిఖిత, లిఖిత, ఓ మై గాడ్ లిఖిత" అని ఫణి అరిచాడు. అంకయ్య చటుక్కున గచ్చకాయ అందుకున్నాడు. తర్వాతి మాట కోసం చూశాడు. తర్వాత వచ్చింది ఒక చీరల షాపు ప్రకటన.

ఆ గచ్చకాయని అతను మళ్ళీ ఎక్కడా పెట్టలేకపోయాడు. గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

ఆఖరి రెండు నిమిషాలూ ఫణి గొంతు ఆకాశాన్నంటింది. "ఏం జరుగుతోంది ఇక్కడ, ఏం జరుగుతోంది, నేను నమ్మలేకపోతున్నాను, మీరు కూడా నమ్మరు ఫ్రెండ్స్." వీధిలో మగ్గాల చప్పుడు మధ్య ఆ గొంతు ఫణికే పరాయిదిగా వినిపించింది. ఏం జరుగుతోందో చెప్పరా అనాలనిపించింది. చివరికి వేటపాలెం ఫైనల్‌కి వెళ్ళిందని చెప్పి, మ్యూజిక్ వచ్చేసింది.

అంకయ్య గుప్పిట విప్పాడు. "గెలిచారని పేపర్లో కూడా వేశారంట. సాంబయ్య చదివి చెప్పాడు. సంతోషమే. అప్పటికి మా పిల్ల కోర్టులోనే ఉందా బాబు, ఔటయి బయట కూర్చుందా? అదింకా ఇంటికి రాలా. ఫైనలయిందాకా అందరినీ హాస్టల్లో పెట్టి, ఫోన్లు కోచ్‌గారే తీసుకున్నారు. ఆఖరి కూతకి ఎవరు పోయారు? తమరు కళ్ళారా చూశారుగా. చెప్పండి బాబు, పెట్టుకుంటా."

ఫణి చెప్పబోయాడు. గురువారం సాయంత్రాన్ని గుర్తు తెచ్చుకున్నాడు. కౌన్సిలరు జోకు గుర్తొచ్చింది. దానికి వచ్చిన మెసేజ్‌లు గుర్తొచ్చాయి. ఆఖరి కూత సమయానికి అతని తల వంగి ఉంది, కళ్ళు ఫోన్ మీద ఉన్నాయి. జనం కేకలు వేస్తే తనూ వేశాడు. ఆ అమ్మాయి పొడుగో పొట్టో కూడా అతనికి తెలియదు.

"నాకు గుర్తు లేదు తాతా" అన్నాడు. తర్వాత నిజం చెప్పాడు. "నేను చూడలేదు."

అంకయ్య అతని మోకాలు వెతికి పట్టుకుని తట్టాడు. "పర్లేదులే బాబు. అన్ని మాటలు చెప్పాలంటే ఇక చూసేదానికి తీరికేడుంటది."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఫణి కష్టానికి అతను నిజంగానే జాలిపడ్డాడు. ఫణికి అంతకుముందు ఎవరి తిట్టూ అంత లోతుగా తగల్లేదు. కోడలు మజ్జిగ తెచ్చి ఇస్తే గ్లాసు పట్టుకున్నాడే గాని తాగలేకపోయాడు.

తిరుగుదారిలో జీడిపప్పు కంపెనీలు దాటాక ఫణి బండి పక్కకి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"రేపు మీరే చెప్పండి మాస్టారూ. నేను పక్కన కూర్చుని స్కోర్లు ఇస్తా."

"రేపు నేను అంకయ్య ఇంట్లో ఉంటానురా. మాటిచ్చేశా."

"ఎప్పుడిచ్చారు?"

"నువ్వు బండి తిప్పుతుంటే. మేనేజరుకి కూడా ఫోన్ చేస్తా. చెప్పడం ఫణి చూసుకుంటాడు, వినడం నేను చూసుకుంటానని."

ఫణి అప్పుడు వెనక్కి తిరిగాడు. "ఏం చెప్పమంటారు మాస్టారూ?"

"నన్నడుగుతావేం? నేను గ్రౌండులో ఉండనుగా" అన్నారు మాస్టారు. "పోనీయ్ బండి. ఎండెక్కింది."

ఆదివారం ఫణి ఆటకి రెండు గంటల ముందే గ్రౌండుకి వెళ్ళాడు. చెప్పులు విడిచి కోర్టు చుట్టూ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఎన్నడో మాస్టారు అలా నడుస్తుంటే చూసి, ఈయనకిదేం చాదస్తమని నవ్వుకున్నాడు. వేటపాలెం, నిడుబ్రోలు రెండు జట్ల అమ్మాయిల దగ్గరకీ వెళ్ళి పద్నాలుగు మంది పేర్లు, ఎవరు ఏ మూల నిలబడతారో అడిగి రాసుకున్నాడు. అందులో లిఖిత ఎవరో చూశాడు. సన్నగా, పొట్టిగా, ఎడమ మోచేతికి కట్టుతో ఉన్న పిల్ల. ఆట మొదలయ్యే ముందు తన ఫోన్ తీసి టెక్నీషియన్ చేతికిచ్చేశాడు.

మొదటి పది నిమిషాలు దారుణంగా గడిచాయి. పేర్లు తడబడ్డాయి. కంటికి కనిపించినంత వేగంగా నోరు రాలేదు. రెండుసార్లు ఏమీ తోచక ఊరుకున్నాడు, ఆ నిశ్శబ్దంలో అతనికి చెమటలు పట్టాయి. ఇవాళ ఇంత డల్లుగా ఉన్నావేంటన్నా అని మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. అవన్నీ టెక్నీషియన్ జేబులో ఉన్న ఫోన్‌కి వచ్చాయి.

తర్వాత ఎక్కడో దారి దొరికింది. "నిడుబ్రోలు కుడి మూలలో ఉన్న యశస్విని ఔట్. బయటికి వెళ్తోంది. వాళ్ళకిప్పుడు ఐదుగురు." "వేటపాలెంలో మౌనిక బతికింది, లోపలికొచ్చి ఎడమ పక్క నిలబడింది." మామూలు మాటలు. చెబుతున్నకొద్దీ అతనికే ఆట కనపడసాగింది. మూడేళ్ళుగా కబడ్డీ చెబుతున్నాడు గాని, ఆట ఇంత బాగుంటుందని ఇప్పుడే తెలిసింది.

ఆఖరి కూత మిగిలింది. నిడుబ్రోలుకి ఇరవై ఎనిమిది, వేటపాలేనికి ఇరవై ఏడు.

"లిఖిత వెళ్తోంది" అన్నాడు ఫణి. "అవతల నలుగురున్నారు. మధ్యలో ఇద్దరు చేతులు పట్టుకుని నిలబడ్డారు. రెండు మూలలా ఒక్కొక్కరు. లిఖిత లోపలి గీత దాటింది. కుడికి వంగింది. చేత్తో కుడి మూల అమ్మాయిని తాకింది. కాలు వేసి మధ్యలో అమ్మాయిని కూడా తాకింది. ఇద్దరు. తిరిగొస్తే గెలుపే. వెనక్కి తిరిగింది. ఎడమ మూల నుంచి రూపవతి వచ్చి చీలమండ పట్టుకుంది. లిఖిత పడింది. పాకుతోంది. ముగ్గురు మీద పడ్డారు. ఇంకా పాకుతోంది. కూత ఆపలేదు. చెయ్యి చాపింది. నడిగీతకి మూరెడు. జానెడు."

ఈల వినపడింది.

"అందలేదు" అన్నాడు. ఇంకేమీ అనకుండా మైకుని జనం వైపు తిప్పి కాసేపు అలాగే ఉంచాడు. ఆ తర్వాత నిడుబ్రోలు ఇరవై తొమ్మిది, వేటపాలెం ఇరవై ఏడు అని చెప్పి, చివరికి కోర్టులో మిగిలిన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చదివాడు.

జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఫణి టెక్నీషియన్ దగ్గర ఫోన్ తీసుకుంటుండగా, బల్ల ముందుకి ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. ముఖం నిండా దుమ్ము, దాని మీద కన్నీళ్ళ చారలు. లిఖితే.

"అన్నా, ఒకసారి ఫోనిస్తారా? మా ఫోన్లు కోచ్‌గారి దగ్గరున్నాయి. మా తాతకి చెప్పాలి."

ఫణి ఇచ్చాడు. చుట్టూ గోలగా ఉందని ఆ పిల్ల స్పీకర్ పెట్టుకుంది.

"తాతా, ఓడిపోయాం" అని ఏడ్చేసింది. "నా వల్లే పోయింది తాతా."

"ఏడవమాకమ్మా" అన్నాడు అంకయ్య. "చేత్తో ఒక పిల్లని, కాలితో ఇంకో పిల్లని తాకావే, అట్టా తాకటం నా ఈడులో నాకూ రాలా. తిరిగేటప్పుడే ఎడమ మూల పిల్లని మర్చిపోయావు. దానికి వీపు చూపిచ్చావు, అది చీలమండ దొరకబుచ్చుకుంది. అయినా ముగ్గురిని మీదేసుకుని జానెడు దూరం దాకా పాకావు. అప్పుడు కూడా కూత ఆపలా నువ్వు. నేను విన్నానమ్మా."

లిఖిత ఏడుపు ఆగిపోయింది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గ్రౌండు చుట్టూ చూసింది. ఖాళీ అవుతున్న మెట్ల మీద, గేటు దగ్గర, చెట్ల కింద, అన్ని వైపులా వెతికింది.

"తాతా, నువ్వెక్కడ కూర్చున్నావు?" అంది. "నాకు కనపడలా."

ఫణి వంగి మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.